మళ్లీ ఖరాబైన కంప్యూటర్

తెర మీద పచ్చటి అక్షరాలు వెలగగానే "బాగైపోయింది" అన్నాడు ప్రేమ్‌రాజ్. నాకు గుండె జారింది.

కంపెనీ మూతపడ్డాక నా భర్త మంచం దిగేది ఈ పాతకాలపు కంప్యూటర్ కోసమే. అఫ్జల్‌గంజ్ తుక్కు దుకాణంలో దొరికింది. అది పాడైతే పొద్దున్నే స్నానం చేస్తాడు, చాయ్ అడుగుతాడు, అందులోకి పాత సిస్టం ఏ ఫ్లాపీతో ఎక్కించాలో తనలాంటి పిచ్చివాళ్లతో ఫోన్‌లో వాదిస్తాడు. బాగైతే గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఆ మధ్యాహ్నమూ పడుకున్నాడు. నేను మూత విప్పి ఒక చిప్పును కొంచెం పైకి లేపి పెట్టాను. ప్రతిసారీ చేస్తున్నదే. ఇది సేవో మోసమో తేల్చుకునే ఓపిక కూడా లేదు నాకు.

సాయంత్రం "జర నడిపి చూపియ్" అన్నాను.

మీట నొక్కాడు. తెర నల్లగానే ఉంది.

"మల్ల ఖరాబైందా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"అయింది. ఫికర్ చెయ్యకు." స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మూత తీసి, లోపలికి ఒక్క చూపు చూసి, ఆ చిప్పును బొటనవేలితో నొక్కాడు.

"సుజనా, ఎప్పుడూ గిదే లేపుతవేందే? ఈసారి ఇంకోటి లేపు. జరసేపు దేవులాడుకోనియ్."