బాణం గుర్తు

1964 మే పదకొండు, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి లేదు. గుత్తికి తూర్పున ఉన్న నాపరాతి గుట్ట మీద చెప్పు లేకుండా కాలు మోపడం అసాధ్యం.

ఆ గుట్టమీద ఒక కొత్త మనిషి రాతికి ఎర్రరంగుతో బాణం గీసి, ఆ గీత చెడకుండా ఉలితో ముక్క తీస్తున్నాడు. అలాంటి ముక్కలు పక్కన గోనెసంచిలో ఉన్నాయి.

అనర్థానికి మూలం ఆ బాణమే. సర్వేవాళ్లు హద్దురాళ్ల మీద చెక్కే గుర్తూ అదే. ముందటి ఏడాది పక్క ఊళ్లో ఆ రాళ్లు నాటారు. చమురు బావి తవ్వాలని ఆ వెంటనే చేలు తీసుకున్నారు.

గుట్ట కింది వేరుశనగ చేను అంజినప్పది. వరుస కరువుల్లో ఎద్దులు పోగా అతనికి మిగిలింది అదొక్కటే.

"ఏమప్పా, ఎవరు నువ్వు?" అన్నాడు అంజినప్ప. చేతిలో కర్ర ఉంది. వెనక ఊరివాళ్లు నలుగురైదుగురు, భుజాన సమ్మెటతో నాపరాళ్లు కొట్టే పీరాసాబ్.

"నా పేరు యేసన్న. రాళ్లను పరీక్షిస్తాను."

"రాళ్లకేమన్నా జొరమొచ్చినాదా?" అన్నాడు పీరాసాబ్.

అందరూ నవ్వారు. అంజినప్ప నవ్వలేదు.

"బాణమెందుకు గీస్తాండావు?"

"ఉత్తరం ఎటో గుర్తు. రాయిలో కంటికి కనబడని ఇనుప రేణువులుంటాయి. రాయి పుట్టినప్పుడు అవి దిక్సూచి ముల్లులా ఒక దిక్కు పట్టుకుంటాయి. కోట్ల ఏళ్ల తర్వాత వేడి ఊటలు పారితే పాత దిక్కు చెరిగి కొత్తది పడుతుంది. ఏ రాయి ఎటు తిరిగి ఉండేదో తెలియకపోతే ఏదీ తేలదు."

"కతలు సెప్పద్దు సామీ. పక్కూరి చెన్నప్ప సేను పోయింది ఈ బాణంతోనే కదా?"

"ఆ బాణం వేరు."

"నూనె కోసరం వచ్చినావా, లేదా? అది సెప్పు!"

యేసన్న అబద్ధమాడే మనిషి కాదు. మాటల వరుస మార్చుకోగల మనిషీ కాదు. జరిగిన క్రమంలోనే చెప్పబోయాడు.

"నూనె సంగతి తేల్చడానికే వచ్చాను. ఈ రాళ్ల గుండా నూనె పారింది..."

రెండో వాక్యానికి వ్యవధి దొరకలేదు.

కర్ర చెవి మీద పడింది. ఆయన మోకాళ్ల మీద కూలాడు. మరో దెబ్బకు దవడ విరిగింది. ఎవరో రాయి విసిరారు, ఎవరో డొక్కలో తన్నారు.

"పగలగొట్టు పీరా! ఒక్క గుర్తు మిగలగూడదు!" అన్నాడు అంజినప్ప.

పీరాసాబ్ సంచి బోర్లించి సమ్మెట ఎత్తాడు. అంతవరకూ తల కాచుకుంటున్న మనిషి, తలను వదిలేసి రాళ్ల మీద పడ్డాడు.

"తియ్యప్పా చెయ్యి! సస్తావు!" అని అరిచాడు పీరాసాబ్.

సమ్మెట అప్పటికే దిగుతోంది. రాయితోపాటు చెయ్యీ నలిగింది.

పీరాసాబ్ సమ్మెట జారవిడిచాడు. అంజినప్ప దాన్ని అందుకొని మిగిలిన రాళ్లను పిండి చేశాడు.

అతని భార్య తిరుపాలమ్మ చెంబుతో పరుగెత్తి వచ్చింది. "నీళ్లన్నా పోయండ్రా పాపిష్టోళ్లారా! ఊపిరి ఉండాది!"

యేసన్న ఆమెకేదో చెప్పబోయాడు. విరిగిన దవడలోంచి నెత్తురే వచ్చింది.

పొద్దు గూకేలోగా బండిలో గుత్తి స్టేషనుకు చేర్చి, దొరికిన రైలుపెట్టెలో పడుకోబెట్టి, తువ్వాలు కప్పి వచ్చేశారు. తర్వాతి స్టేషనులో రైల్వేవాళ్లు దించేసరికి ప్రాణం లేదు. ఊరూ పేరూ తెలియని శవంగా పూడ్చారు.

జూలైలో సర్వేవాళ్లు అంజినప్ప చేలో హద్దురాళ్లు నాటారు.

"మా నోట్లో మన్ను గొడతారా సారూ?" అని అంజినప్ప, సర్వేవాళ్ల వెంట వచ్చిన చమురు సంస్థ అధికారి కాళ్లకు అడ్డంపడ్డాడు.

"నన్నేం చెయ్యమంటావు పెద్దాయనా? ఇక్కడ తవ్వొద్దని మాతో పోరాడినవాడు ఒక్కడే. చమురు ఎప్పుడో ఈ రాళ్ల గుండా పారి వెళ్లిపోయింది, రైతుల నేల జోలికి పోవద్దన్నాడు. అది పారిన గుర్తు రాళ్లలో ఉందని రుజువు చేస్తానంటే జూన్ ఆఖరు దాకా ఆగాం. రాళ్లూ రాలేదు, మనిషీ రాలేదు."

"ఆయప్ప పేరు యేసన్ననా?" అన్నాడు పీరాసాబ్.

"అవును. నీకెలా తెలుసు?"

అంజినప్ప అధికారి కాళ్ల ముందునుంచి లేచి పక్కకు జరిగాడు.

నాలుగేళ్లు తవ్వి, ఉప్పునీళ్లు తప్ప చుక్క చమురు పడకపోవడంతో 1968లో ఆ బావిని మూసేశారు. చేను అంజినప్పకు తిరిగి రాలేదు.