హత్తాబ్ బనియను

పొద్దున్నే సలూహా చేసే మొదటి పని ఫోన్ చూడటం. తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతుంటే చాలు, కాఫీ పొయ్యి మీద పెడుతుంది.

"డెబ్బై రెండు. లేచినట్టే," అంటుంది గోడలతో. వినడానికి ఇంకెవరున్నారు గనక!

ఆ గీత ఆమె భర్త హత్తాబ్ బనియనుది. రెండేళ్ల కిందట అతనికి గుండెపోటు వచ్చినప్పుడు మహదియా ఊరి ఆసుపత్రిలో గుండె డాక్టర్లు దాన్ని ఇచ్చారు. నూలులోనే వెంట్రుకల్లాంటి తీగలు కలిపి నేశారు. ఒంటి వేడితోనే నడుస్తుంది. ఉతికినా చెడదు. గుండె ఎలా కొట్టుకుంటోందో అటు ఆసుపత్రికీ ఇటు సలూహా ఫోనుకీ చెబుతూ ఉంటుంది.

పదకొండింటికి అంకె నూరు దాటుతుంది. రేవులో చేపల బుట్టలు ఎత్తే వేళ అది.

"మెల్లగా! ఎవరు తరుముతున్నారని?" అని కసురుతుంది. మధ్యాహ్నం అరవైకి దిగితే తనూ నడుం వాలుస్తుంది. శుక్రవారం గోధుమరవ్వతో కూస్కూస్ వండితే సగం పక్కింటికే పోతుంది.

"ఎన్నాళ్లే ఆ ఫోన్లో తల దూర్చుకుని? నలుగురిలోకి రా," అంది పక్కింటి వసీలా, గిన్నె తిరిగిస్తూ. సలూహాకి ఒళ్లు మండి తలుపేసుకుంది.

మంగళవారం ఆసుపత్రి నుంచి నర్సు ఇహ్సాన్ ఫోన్ చేసింది.

"పిన్నీ, శుభవార్త! చలికాలంలో నెలన్నర బనియను వేసుకోకుండా మమ్మల్ని హడలగొట్టాడు గానీ, అప్పట్నుంచీ బాబాయి గుండె గుర్రమే అనుకోండి. డాక్టరుగారే నోరెళ్లబెట్టారు. ఏం పెడుతున్నారేంటి?"

"నేనేం పెడతాను తల్లీ."

"ఇక ఆయనకి దాంతో పనిలేదు. శనివారం తెచ్చిచ్చెయ్యమనండి, ఇంకో రోగికి కావాలి. ఆ రోజు నుంచి మీ ఫోన్లో గీత రాదు."

సలూహా పీట మీద కూలబడింది.

"ఆపొద్దమ్మా, నీకు పుణ్యముంటుంది. అదొక్కటే నాకు తోడు. అదీ పోతే ఈ ఇంట్లో నేను బతకలేను."

ఇహ్సాన్ పకపకా నవ్వింది. "ముప్పై ఏళ్ల కాపురం తర్వాత కూడా మొగుడి మీద ఇంత ప్రేమా! మా అత్తకి చెప్పాలి. సరే, బాబాయే అడిగితే డాక్టరుగారు కాదనరు. ఒక్కసారి ఫోనివ్వండి."

సలూహా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి గీత చూసుకుంది. నూట నాలుగు.

"పిన్నీ, ఉన్నారా? పోనీ, ఆయన ఇంటికొచ్చాక చేయించండి."

సలూహాకి ఏడుపు ఆగలేదు.

"ఆయన పోయిన నలభయ్యో రోజున బట్టలన్నీ మూటగట్టి మసీదు గుమ్మంలో దానం చేసేశానమ్మా, ఆ బనియను ఇప్పుడు ఎవరి ఒంటి మీదుందో నాకు తెలీదు."