మామ పెట్టని వాచీ

"గిది గూడ కాదు," అంటూ జానయ్య చేతికున్న వాచీ విప్పి అద్దాల బల్ల మీద పడేశాడు.

హనుమమ్మకు ఒళ్లు మండింది. కల్వకుర్తిలో పాత వాచీలు దొరికే దుకాణం ఇదొక్కటే. మెట్లెక్కనంటే ఎక్కనని మొగుడు బస్టాండు దాకా వెనక్కి నడిస్తే, చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. తీరా వచ్చాక ఈ వంకలు.

"దీనికేం రోగమొచ్చింది?"

"అంకెలు నల్లగున్నయి. మీ అయ్య పెడ్తనన్న వాచీకి ఎర్రంకెలుండె."

"పెట్టనే పెట్టని వాచీకి అంకెలు ఎర్రగున్నయో నల్లగున్నయో నీకెట్ల ఎరుక?"

జానయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "మాటిచ్చిననాడు చెప్పిండు తియ్యి," అన్నాడు.

దుకాణం కృష్ణకాంత్ ఇంకో డబ్బా తీయబోతూ ఆగాడు. "అసలు సంగతేంది పెద్దమ్మా? మంచిగ కొత్తది కొనియ్యరాదు పెద్దనాయినకు?"

"కొత్తది పనికిరాదట బిడ్డా. గా కాలపుదే, చావి ఇచ్చేదే కావాలెనట. మా పెండ్లిల మా బాపు గీయనకు చావి వాచీ పెడ్తనన్నడు. పెండ్లినాటికి తయారు కాలే, ఎనుక గూడ పెట్టలేదట. గంతే, అలిగిండు. వాచీ చేతికి రానిది మా తల్లిగారింటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నడు. నాకు మనుమలు పుట్టిన్రు గని గీయన అలక ఇంకా పెండ్లి పందిట్లనే కూసున్నది."

"మాట తప్పింది వాళ్ల అయ్య దుర్గయ్య. నేను గాదు," అన్నాడు జానయ్య, గోడకేసి చూస్తూ.

ఈ మాటే. కూరలో ఉప్పెక్కువైతే ఈ మాట. బర్రె పాలివ్వకపోతే ఈ మాట. బోరు ఎండిపోయిన ఏడాది కూడా తప్పు దుర్గయ్యదే అయింది. తల్లిగారింట్లో పెళ్లి జరిగినా చావు జరిగినా హనుమమ్మ ఒక్కతే బస్సెక్కింది, ఒక్కతే దిగింది.

కృష్ణకాంత్ డబ్బా బల్ల మీద బోర్లించాడు. జానయ్య ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకున్నాడు, పక్కన పెట్టాడు.

"గిది ఆడోళ్లది."

"గిది?"

"చప్పుడు వస్తలేదు."

"గిది?"

"చప్పుడు మస్తుగొస్తాంది. నిద్ర పడుతదా?"

"నువ్వు వాచీ కొననీకె వచ్చినవా, కొడుక్కు పిల్లను చూడనీకె వచ్చినవా? ఒకటి నల్లగున్నది, ఒకటి పొట్టిగున్నది," అంది హనుమమ్మ.

కృష్ణకాంత్ నవ్వు ఆపుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"రేపు మా తమ్ముడు ఒడిబియ్యం పోస్తున్నడు బిడ్డా. అందరు ఆడివిల్లలు మొగుళ్లతోని జంటగ పీటల మీద కూసుంటరు. నేనొక్కదాన్నే మొగుడుండి లేనిదాని తీరు ఎన్నేండ్లు కూసోవాలె? మా బాపును అడిగితే తలకాయ వంచుకుని, 'పోనీ బిడ్డా, నీ సంసారం సల్లగుండనీ' అనేటోడు. ఒక్కనాడు ఎదురు మాట్లాడలే. మాట తప్పినోడన్న పేరు మోసుకుంటనే పోయిండు. గా పేరు తుడుపుదామని నా రెక్కల కష్టంతోని కొనిస్తనంటే, గీయన అంకెల రంగు చూస్తున్నడు."

కృష్ణకాంత్ కింది సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన వాచీ ఒకటి తీశాడు.

"ఇంకొక్కటున్నది పెద్దమ్మా. మా బాపు దుకాణంల కూసున్ననాడు కొన్నది. పెండ్లయి నెల తిరగకముందే ఎవడో కొత్తల్లుడు తెచ్చి అమ్ముకపోయిండట. ఎవ్వరు తీసుకుంటలేరు, ఎనుక పేర్లు కొట్టించి ఉన్నయి. పెండ్లి బిందెల మీద చుక్కలు చుక్కలు కొట్టిస్తరు చూడు, గట్ల."

చావి తిప్పాడు. వాచీ నడిచింది. తెల్లని పలక మీద ఎర్రని అంకెలు.

హనుమమ్మ ముఖం వెలిగింది. "ఇగో, ఎర్రంకెలు. చెయ్యి చాపు."

జానయ్య చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు. నడువు పోదాం."

"ఎందుకు వద్దు? నువ్వడిగిందే గద?"

"ఎవని పేరో ఉన్న వాచీ నాకెందుకు?" అతను అప్పటికే గడప దాటి మెట్టు దిగాడు. "అయినా వాచీ లేదు గీచీ లేదు. రేపు వస్త తియ్యి మీ తల్లిగారింటికి. నీ పక్కన పీట మీద కూసుంట. సరేనా? బస్సు పోతది, నడువు."

హనుమమ్మ నోరు తెరిచి చూసింది. మనుమలు పుట్టినా దిగని అలక, కాళ్లావేళ్లా పడినా దిగని అలక, నిమిషంలో దిగిపోయింది. సంతోషపడాలో అనుమానపడాలో ఆమెకు తెలియలేదు.

"వస్తనంటున్నడు గద పెద్దమ్మా, ఇగ వాచీ ఎందుకు?" అన్నాడు కృష్ణకాంత్, గుడ్డ మళ్లీ చుట్టబోతూ.

"వచ్చినా సరే, వాచీ పెట్టే తీసుకపోత. మా బాపు మీద మాట ఉండొద్దు. పేర్లదేమున్నది, గీకేస్తే పోతయి. జర సదువు బిడ్డా, ఎవరివున్నయో."

"గవన్ని ఎందుకే ఇప్పుడు?" మెట్ల మీది నుంచి జానయ్య కేకేశాడు.

కృష్ణకాంత్ వాచీ తిరగేశాడు. బొటనవేలితో మురికి తుడిచి, వెలుతురుకు పెట్టి, చుక్కలు కూడబలుక్కుంటూ చదివాడు.

"అల్లుడు జానయ్యకు... మామ దుర్గయ్య పెట్టినది."