బోర్లా తీసిన స్కాన్

బ్రూస్‌పేట స్కాన్ సెంటర్‌లో స్కాన్లు తీసే షాలినికి ఆ రోజు అది పదకొండో ఛాతీ స్కాన్. బయట మైన్స్ లారీల హారన్లు ఆగడం లేదు.

"ఊపిరి బిగబట్టప్పా."

క్రషర్‌లో ఇనుపరాయి పిండిచేసే గాళెప్ప బిగబట్టలేక దగ్గాడు. మూడోసారికి బొమ్మ వచ్చింది. ఊపిరితిత్తుల అడుగున మసక కనబడింది.

"ఇంగోసారి బోర్లా పండుకోప్పా. వెల్లకిలా పండుకున్నందుకు వచ్చిన మసకయితే, బోర్లా తిరిగితే పోతాది. జబ్బయితే ఆడనే ఉంటాది."

బోర్లా తీసింది. తెర వైపు చాలాసేపు చూసింది.

"పోయిందామ్మా?" అన్నాడు గాళెప్ప.

"డాక్టరు చెప్తాడప్పా. మేం చెప్పగూడదు, అది రూలు."

గాళెప్ప మెల్లగా లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ ఆగాడు.

"మొన్న మా తమ్మునికి స్కాన్ తీసినాక నువ్వే చెప్పింటివి గదమ్మా, ఏం లేదు పో అని."