నొప్పి గోలీలు

"చెల్లే, నీ పెనిమిటి ఏం గోలీలు మింగుతుండు?"

లింగవ్వ ఉలిక్కిపడింది. మంచం పక్కన ఎవరో నడివయసు మనిషి. మాట తెలుగే, మొహం మాత్రం ఎన్నడూ చూసింది కాదు.

"ఈ దవాఖాన్ల ఇచ్చినయే. నువ్వెవలు?"

"అవి గాదు. షెడ్లల్ల అమ్మే నొప్పి గోలీలు. తెల్లగ, కాగితం పొట్లంల ఉంటయి."

"అసొంటియి మాకెర్క లేదు," అంది లింగవ్వ, సంచీని ఒళ్లోకి లాక్కుంటూ.

పచ్చి అబద్ధం. పొట్లం ఆ సంచీలోనే ఉంది.

తాపీ నదికి వరద వచ్చిపోయిన మరుసటి ఏడాది అది. పొట్టకూటికి వలసొచ్చి, అమ్రోలి షెడ్డులో పన్నెండు గంటలు నిలబడి మరమగ్గాల సాంచాలు నడిపే ఆమె పెనిమిటి బిక్షపతికి మోకాళ్లు పట్టేస్తే ఆ గోలీలే దిక్కు. మూడేళ్లుగా మింగుతున్నాడు. ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిండింది. మంచి మందే దొరికిందని మురిసిపోయింది పిచ్చిది! డాక్టర్లకు తెలిస్తే మాన్పిస్తారని, మానితే పనికి నిలబడలేడని, ఆసుపత్రిలో కూడా చాటుగా రోజుకొకటి మింగిస్తోంది.

ఇప్పుడా మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. టీబీ అని రెండు నెలలు మందులిచ్చినా జ్వరం దిగలేదు, కళ్లెలో నెత్తురు ఆగలేదు. "ఈ రెండు రోజులు గడవాలి," అని పొద్దున డాక్టర్ దేశాయి చెప్పి వెళ్లింది.

"దండం పెడత చెల్లే. డాక్టరమ్మకు నువ్వే చెప్పు. నువ్వు చెప్తే సరిపోతది."

"నా మొగని సంగతి నీకెందుకు? పో!"

అతను పోలేదు. బిక్షపతి ఎగశ్వాసను ఒక్క క్షణం చూశాడు. చటుక్కున వంగి, సంచీలో చెయ్యి పెట్టి పొట్లం లాగేశాడు.

"దొంగ! దొంగ!"

వార్డంతా లేచింది. నలుగురు మీద పడ్డారు. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. లింగవ్వ కూడా చెప్పు తీసి ఒకటి వేసింది. అయినా అతను గుప్పిట విప్పలేదు.

డాక్టర్ దేశాయి పరుగెత్తుకొచ్చింది. అతను పొట్లం ఆమె చేతిలోనే పెట్టాడు.

"మేడం, రెండు మాటలు. మీ గదిలో," అన్నాడు హిందీలో.

తలుపు మూసుకుంది. కాసేపటికి పోలీసులు వచ్చి అతన్ని తీసుకుపోయారు. పీడ విరగడైందనుకుంది లింగవ్వ.

డాక్టర్ నేరుగా మంచం దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నావు ఇవి?"

ఇక దాచలేకపోయింది. "మూడేండ్లాయె మేడం."

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తినంతా తినేసింది. మంచి ఒంటిని తాకలేని క్రిమి కూడా ఇలాంటివాళ్ల ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. ఇది టీబీ అయి ఉండదు."

ఆ సాయంత్రమే మందు మారింది. కళ్లె మళ్లీ ల్యాబ్‌కు వెళ్లింది. క్రిములు మొలుస్తాయేమో చూసేందుకు కళ్లె పూసి, మామూలుగా రెండు రోజులకు పారేసే ప్లేటును ఈసారి వారం దాకా ఉంచమని డాక్టర్ గట్టిగా చెప్పింది.

రెండు రోజులూ లింగవ్వ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మూడో నాటికి జ్వరం తగ్గుముఖం పట్టింది. ఐదో నాడు ప్లేటు మీద సుద్దపొడి చల్లినట్టు మచ్చలు లేచాయి. నోకార్డియా. మట్టిలో బతికే క్రిమి. పదో నాడు బిక్షపతి లేచి కూర్చుని చాయ్ అడిగాడు. లింగవ్వ భోరున ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ మందుల చీటీ ఇచ్చింది.

"ఆరు నెలలు ఒక్కపూట కూడా తప్పించొద్దు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా నేనే తగ్గిస్తాను."

"మేడం, పొట్లం మీద పేరు సుత లేకుండె. అండ్ల ఏమున్నదో మీకెట్ల తెలిసింది?"

"ఆ రోజు మీరందరూ కొట్టారే, ఆయనే చెప్పాడు."

లింగవ్వ తల దించుకుంది. "గాయనకెట్ల ఎర్క? పాపం, ఉత్త పున్యానికి పోలీసోళ్లకు పట్టిస్తిమి."

"పోలీసులను మనమెవరం పిలవలేదు లింగవ్వా, ఆ గోలీల్లో స్టెరాయిడ్ కలిపి షెడ్లకు పంపింది తానేనని, వాటివల్ల ఇప్పటికే ఇద్దరు పోయారని, మూడోవాడు పోకూడదని చెప్పి, నా బల్ల మీది ఫోన్ తీసి ఆయనే పిలుచుకున్నాడు."