తిట్టే హక్కు

కారు బానెట్ ఎత్తి అందులో తల దూర్చిన సైరుసి, మొక్కుతున్నాడో తిడుతున్నాడో తెలియకుండా గొణుగుతున్నాడు.

దూరపు దీవి దొరగారు రాత్రి పడవకి దిగుతారట. పొద్దున్నే విడిది నుంచి సభకి ఆయన్ని తీసుకువెళ్ళే మర్యాద సైరుసి కారుకే దక్కింది. తాతల నాటి నుంచి చూసినా ఆ ఇంటికి ఊరు ఇచ్చిన మొదటి మర్యాద అది.

దొరగారికి గుండె ఆపరేషన్ అయింది, ఎండ పనికిరాదు. సైరుసి కారు పాతది, దాని ఏసీ పోయి ఏడాదైంది.

పెదనాన్న కొడుకు అపిసాయి కొత్త వ్యాను అప్పుడే కడిగి ఉంచాడు.

"సాయంత్రం దాకా చూస్తా తమ్ముడూ! ఆనక నా వ్యానే వెళ్తుంది" అని చెప్పి మరీ పోయాడు.

"రండి, తిని వెళ్ళండి!" వంటింటి గుమ్మంలోంచి సైరుసి భార్య లిటియా ఎవరినో పిలిచింది.

దారిన పోయే ప్రతివాణ్ణీ అలా పిలవడం ఆ ఊరి రివాజు. "ఇప్పుడే తిన్నానమ్మా" అనేసి పోవడం కూడా రివాజే.

ఈ మనిషి మాత్రం నిజంగానే లోపలికి వచ్చాడు. వెలిసిన చొక్కా, బాన పొట్ట, అరిగిన చెప్పులు. చాప మీద చతికిలబడి, ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాల చేప శుభ్రంగా లాగించాడు.

"ఏ ఊరండీ తమరిది?" చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి అడిగాడు సైరుసి.

అతను దూరపు దీవి పేరు చెప్పాడు.

సైరుసి మొహం వెలిగిపోయింది. "ఓర్నీ! మా తౌవువా నువ్వు! ముందే చెప్పొద్దూ? అనవసరంగా 'అండీ' అన్నాను."

ఆ దీవికీ ఈ ఊరికీ మూలదేవుడు ఒక్కడే. అందుకే వాళ్ళు ఒకరికొకరు తౌవు. మన బావాబావమరుదుల వరసే అనుకోండి, కాకపోతే ఇక్కడ ఊళ్ళకి ఊళ్ళే బావమరుదులు. ఎదురుపడితే తిట్టుకోకపోవడమే తప్పు.

"దొరగారితో వచ్చావా?"

"ఆయన సామాన్లతో పాటే దిగాను."

"మూటలు మోసేవాడివన్నమాట! ఆ పొట్ట చూస్తే మూట మింగినవాడిలా ఉన్నావు."

ఆ మనిషి ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత పెరట్లో కోళ్ళు బెదిరేలా నవ్వాడు.

"ఇంతకీ ఇది కారా, పీతలు ఉడకేసే కుండా?"

"తిన్నది అరగాలిగా. లే, ఈ పైపు పట్టుకో, పీతమొహమా!"

ఇద్దరూ పనిలో దిగారు. లోపలి ఫిల్టర్ బయటికి లాగితే చెరుకు తోటల మసి బొగ్గులా రాలింది. ముందు జాలీకి పట్టిన బురద మీద నీళ్ళు కొట్టమంటే, ఆ పెద్దమనిషి సగం సైరుసి మీదే కొట్టాడు.

గ్యాస్ ఎక్కించి వారమైంది. మీట నొక్కగానే 'టక్'మని కంప్రెసర్ అందుకోవాలి. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొద్దు వాలుతోంది. సైరుసి మట్టిలో కూలబడ్డాడు.

"పోనీలే. అపిసాయి వ్యానే వెళ్తుంది. మా ఇంటికి అంత రాత ఎక్కడిది?"

ఆ మనిషి కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ మోగించాడు. ఊరు దద్దరిల్లింది.

"మీ ఊరివాళ్ళంతా ఇంతే. పని సున్న, కూత ఘనం."

సైరుసి ఎదురు తిట్టబోయి ఆగిపోయాడు.

"హారన్!"

ఫ్యూజుల పెట్టె మూత ఊడబెరికాడు. హారన్‌ని ఆడించే బుల్లి నల్లపెట్టే, ఏసీని ఆడించే పెట్టే కవలపిల్లల్లా ఉన్నాయి. మంచిదాన్ని హారన్ దగ్గర్నుంచి పీకి ఏసీ దగ్గర గుచ్చాడు.

టక్!

ఇద్దరూ చెరో సీట్లోకి దూకి అద్దాలెత్తి, గాలి వచ్చే కన్నాలకి మూతులు ఆనించారు. చల్లగాలి! అచ్చమైన చల్లగాలి!

"హారన్ పోయిందిగా?"

"పోనీరా! నువ్వు ముందు కూర్చుని కేకలెయ్యి!" సంతోషం పట్టలేక సైరుసి మడ్డిచేత్తో అతని నెత్తిన టపీమని ఒక్కటిచ్చాడు.

లిటియా చేతిలో గరిటె జారిపడింది. ఒకరి తల ఒకరు ముట్టుకోరు అక్కడ.

ఆ మనిషి నెత్తి తడుముకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గట్టిగా తగిలిందా?" కంగారుపడ్డాడు సైరుసి.

"లేదురా. మా అమ్మ పోయాక ఈ తల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు."

"మూటల కింద ఉండే తల, చోటెక్కడుంటుందిలే!"

అతను మళ్ళీ పగలబడి నవ్వి, మిగిలిన చేప గిన్నెతో సహా చంకన పెట్టుకుని పోయాడు. తౌవు గదా, అడగక్కర్లేదు.

పొద్దున విడిది ముందు ఊరి పెద్దలంతా తలలు వంచి నేల మీద కూర్చున్నారు. దొరకి దండంగా, అరచేతులు గుల్లగా కలిపి మెల్లగా చప్పట్లు కొడుతున్నారు. నవ్వు లేదు, మాట లేదు. సైరుసి కూడా నేలచూపులతోనే తలుపు తీసి పట్టుకున్నాడు. దొరగారు ఎక్కారు. కారు కదిలింది.

"నోరు పడిపోయిందేం, పీతమొహమా?" అంది వెనక సీటు.

అద్దంలోకి చూసిన సైరుసికి అంత చల్లగాలిలోనూ ముచ్చెమటలు పోశాయి.

"దొరా... నిన్న... తమరి తల మీద..."

"సభకెళ్తే మళ్ళీ అందరూ నేలకేసే చూస్తారు" అన్నారు దూరపు దీవి దొరగారు, సీట్లో హాయిగా వెనక్కి వాలి. "మెల్లగా పోనిచ్చి, అందాకా నన్ను నోరారా తిట్టరా."