ఉడుంపట్టు

"రేపు నీకు నీలం బెల్టు!"

కోచ్ ఆ మాట అనగానే మ్యాట్ చుట్టూ కూర్చున్న తెల్లబెల్టులన్నీ చప్పట్లు కొట్టాయి. ఆమెకు మాత్రం గుండె జారిపోయింది.

జియు-జిట్సు కుస్తీలో మొదట కట్టేది తెల్లబెల్టు. ఆ తర్వాతది నీలం. దానికోసం అందరూ ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుంటారు. కానీ నీలం బెల్టుకు క్లాసు సాయంత్రం. తెల్లబెల్టుకు పొద్దున్నే.

చెమట తుడుచుకోకుండానే కోచ్ వెనక పరుగెత్తింది.

"నాకొద్దు సార్. పొద్దుటి క్లాసులోనే ఉంటాను."

"బెల్టు వద్దన్న మనిషిని నిన్నే చూస్తున్నా. ఎందుకట?"

"నాకింకా ఏం రాదు సార్. ఆ ఉడుము రోజూ నన్ను పడేస్తున్నాడుగా!"

ఉడుమంటే పొద్దుటి క్లాసుకే వచ్చే కొరియర్ అతను. పట్టుకున్నాడంటే వదలడని క్లాసంతా కలిసి పెట్టిన పేరు. అతని పట్టు బిగియగానే మిగతావాళ్లు మ్యాట్ మీద టపటపా తట్టి ఓటమి ఒప్పుకుంటారు. ఈమె మొండిఘటం. మొహం కందిపోయినా సరే, గంట మోగేదాకా తట్టదు.

కోచ్ గొంతు తగ్గించాడు.

"అదే నాకూ అంతుపట్టదు. బండల్లాంటి మనుషుల్ని బోర్లా పడేస్తావు. వాడి దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోతావు. నిజం చెప్పమ్మా, వాడేమైనా ఇబ్బంది పెడుతున్నాడా? ఇప్పుడే గెంటేస్తా."

"అయ్యో, వద్దు సార్!" దాదాపు అరిచేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందు అతని పట్టు విడిపించుకోవాలి. అప్పుడే బెల్టు."

"పౌరుషం బాగానే ఉంది. సరే, రేపు వాడితోనే నీకు కుస్తీ. విడిపించుకున్నావా, నీలం బెల్టు. లేదా, ఇంకో ఏడాది ఇక్కడే. కానీ ఒకటి. కావాలని ఓడిపోయావో, ఇద్దర్నీ బయటికి పంపేస్తా. నా కళ్లుగప్పలేవు."

ఆమె తలూపి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

ఇంతలో ఎవరో అన్నదమ్ములు క్లాసులో చేరతామంటూ వచ్చారు.

"ఒకే ఇంటివాళ్లని చేర్చుకోను బాబూ. మొహమాటానికి పడిపోతుంటారు. మీలో ఒక్కరే రండి," అని కోచ్ వాళ్లని తిప్పి పంపేశాడు.

ఆమె కాళ్లీడ్చుకుంటూ వీధిలోకొచ్చింది. సందు మలుపులో, కోచ్ కంటపడకుండా, పార్సిళ్ల బండి మీద ఉడుము కాపు కాసి ఉన్నాడు.

"ఏమన్నాడు?"

చెప్పింది.

"నువ్వు నిజంగా గింజుకుంటే ఆపడం నా వల్ల అవుతుందా?"

"రేపు నేను నిజంగానే గింజుకుంటాను, నువ్వు మాత్రం చచ్చినా వదలకు," అంటూ ఆమె బండెక్కి అతని వీపుకు తల ఆనించింది, "అత్తయ్యా మామయ్యా ఆడపడుచులూ అందరం వరసగా పడుకునే ఆ ఒక్క గదిలో, కట్టుకున్న మొగుడు నన్ను ఇంత గట్టిగా పట్టుకునే వీలెక్కడుంది!"